మామ కూర్చుంటేనే వెలిగే బండి

నా పనితనం చూసి విరుదునగర్‌లో ఒక వీధి వీధంతా లేచి నిలబడిన రోజు ఒకటుంది. మెచ్చుకోవడానికి లేచారని మీరు అనుకుంటే మీరు మంచివాళ్ళు, నా సంగతి మీకింకా తెలియదు. ఆ రోజు కథను మా చుట్టాలు పెళ్ళిళ్ళలో వడ్డన ఆలస్యమైతే చెప్పుకుంటారు. ఆకుల ముందు కూర్చున్నవాళ్ళు ఆకలి మరిచిపోయి పొట్ట పట్టుకుంటారు. వాళ్ళు చెబితే అందులో నేను శుద్ధ వెధవను. అందుకే నేనే చెబుతున్నాను. నా నోట వింటే కాస్త తక్కువ వెధవగా కనబడతానని ఆశ.

ఎనిమిదో తరగతి నడుమ నేను బడి వదిలేశానని మా అమ్మ అంటుంది. ఆ రోజు మా అయ్యవారి ముఖంలో కనిపించిన ప్రశాంతత చూసి ఉంటే ఎవరు ఎవరిని వదిలారో మీకు తెలిసేది. తర్వాత కోవిల్‌పట్టిలో లారీలకు వైరింగు చేసే షెడ్డులో చేరాను. ఎర్ర వైరు ఎక్కడికి పోవాలో అక్కడ బాగా నేర్చుకున్నాను. నల్ల వైరు ఎక్కడికి పోవాలో చెప్పిన రోజున నాకు జ్వరం.

ఇక మా రెంగసామి మామ. మా నాన్న చెల్లెలు కొండమ్మత్తను చేసుకున్నాడు. విళాత్తికుళం పక్క నల్లరేగడి ఊళ్ళో మిరప, పత్తి వేసే రైతు. ఆ వైపు వాళ్ళకు ఒక అలవాటు. ఇరుక్కన్‌కుడి అమ్మవారి దగ్గరికి పోయారంటే దణ్ణం పెట్టి తిరిగి వచ్చే రకం కాదు. గూడుబండ్లు కట్టుకుని, కోళ్ళతో గంపలతో పోయి, ఏటి ఇసకలో పొయ్యి రాజేసుకుని అక్కడే కాపురం పెడతారు. తొంభైల మొదట్లో మామ ఎడ్లను అమ్మి ట్రాక్టరు కొన్నాడు. ఎడ్లు పోయాయి గానీ గూడుబండి మీద మోజు పోలేదు. ట్రాక్టరు వెనక తగిలించుకునేట్టు చక్రాల మీద ఒక ఇల్లే చేయించాడు. రేకు కప్పు, కిటికీలు, పడుకోవడానికి బల్లలు, పొయ్యికి అరుగు, గోడకు చిన్న ఫ్యాను. ఊరంతా దాన్ని ఇంటిబండి అనేది.

దాని వైరింగు నాది. ఊరికే చేయలేదు. కోవిల్‌పట్టి బస్టాండు రోడ్డులో మామకు ఒక గది ఉండేది. దాంట్లో పత్తి గోతాలు తప్ప మనుషులు ఉండేవాళ్ళు కాదు. ఆ గదిలో నా సొంత షెడ్డు పెట్టుకోవాలని నాకు ప్రాణం. బోర్డు మీద నా పేరు ఏ రంగులో ఉండాలో కూడా తేల్చేసుకున్నాను. అడిగినప్పుడల్లా మామ, "ముందు నీ పని చూస్తాను, తర్వాత గది చూస్తాము" అనేవాడు.

ఇప్పుడు మీకు కాస్త కరెంటు పాఠం చెప్పాలి. భయపడకండి, నాకు వచ్చిందే కొంచెం. బ్యాటరీ నుంచి కరెంటు వైరులో వచ్చి, దీపాన్ని వెలిగించి, తిరిగి బ్యాటరీకి పోవాలి. తిరిగిపోవడానికి ప్రతి దీపానికీ వేరే వైరు వేయరు. బండి ఇనుమే దారి. ఆ ఇనుము నుంచి ట్రాక్టరుకు ఒకే ఒక నల్ల వైరు, దాన్ని బండి చట్రానికి పట్టి ఉంచేది ఒకే ఒక బోల్టు. షెడ్డులో దాన్ని ఎర్తు అంటారు. వైరింగు అయిన రోజు కొండమ్మత్త వంగి ఆ బోల్టును చూసింది.

"ఇదేంది అల్లుడా, ఇంతే ఉండాది?"

"తక్కువగా చూడద్దు అత్తా. ఫ్యాను, లైట్లు, అన్నీ దీని దయ. ఇది అలిగితే బండంతా చీకటి."

మా అత్త లాంటి మనిషి దగ్గర అనవలసిన మాటా అది? అలిగే శక్తి ఉన్న దేన్నీ మా ఇళ్ళలో పూజ లేకుండా వదలరు. ఆ వారం నుంచే మొదలైంది. మంగళవారం, శుక్రవారం ఆ బోల్టుకు పసుపు నీళ్ళతో స్నానం, గంధం, కుంకుమ. దిష్టికి ఉప్పు. ఆపైన నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది దాని నెత్తిన పిండడం. నిమ్మరసం, ఉప్పు, పసుపు. మీరే చెప్పండి, ఇనుమును ఊరవేయడానికి ఇంతకంటే మంచి కొలత ఉందా? అడ్డు చెప్పాల్సినవాణ్ణి నేనే. కానీ పూజకు కొట్టిన కొబ్బరికాయలో ఒక చిప్ప నాకొచ్చేది. తింటున్న నోటితో అడ్డెలా చెబుతాం?

రెండేళ్ళు అట్లా సుఖంగా ఊరింది. తర్వాత మామ కూతురు జోతికి నెలలు నిండుతున్నాయి, విరుదునగర్‌లో ఆ పిల్ల అత్తవారింట్లో గాజులు తొడిగే వేడుక పెట్టుకున్నారు. పుట్టింటివాళ్ళు సారె తీసుకుని ముందురోజు సాయంత్రమే చేరాలి. జోతి మామగారు విరుదునగర్‌లో పప్పుల వ్యాపారి, కొత్తగా కారు కొన్న మనిషి. పెళ్ళిలో వియ్యంకుడైన మా మామను, "మీ ఊళ్ళో కరెంటు స్తంబాలు ఉండాయా సమ్మందీ? లేకుంటే కాకులు యాడ కూర్చుంటాయి, చెట్లు లేవు గదా" అని నలుగురిలో అన్నాడు. ఆ మాట మామకు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"సీనీ, సారె ఇంటిబండిలో పోతాది" అన్నాడు నాతో. "పొద్దు గూకే ఏళకు వాళ్ళ వీదిలో దిగాల. బండి నిండా లైట్లు ఎలగాల. సమ్మంది కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకోవాల. అది చేసి చూపించు, గది తాళం నీ చేతిలో పెడతాను."

నేను అప్పుడే తాళం చేతిలో ఉన్నట్టు గుప్పిట మూసుకున్నాను.

మరునాడు పరీక్ష. ట్రాక్టరు నడిపే పేచ్చిముత్తు పైన కూర్చుని ఒక్కొక్కటే వేసి చూపించాడు. అతనికి నవ్వు ముఖంలో రాదు, మాటలోనే వస్తుంది.

"మెకానిక్కూ, బ్రేకు తొక్కితే లోపల ఫ్యాను నిలిచిపోతా ఉండాది."

"ఇండికేటరు వేసి చూడు."

"వేసినాను. కుడి పక్కది వేస్తే ఎడం పక్కది కూడా మిణకతాది. లోపల లైటు కన్ను కొడతాది. ఇది బండి కాదు, ఉమ్మడి కాపురం. ఒకరిని అంటే ఇంకొకరికి తగలతాది."

లోపలి నుంచి అత్త తల బయట పెట్టింది. "లైటు కన్ను కొట్టేది ఏంది? ఆడోళ్ళు కూర్చునే బండి. బాగు చెయ్యి అల్లుడా."

బల్బులు మార్చాను. స్విచ్చి మార్చాను. ఫ్యాను విప్పి దాని పొట్టలో ఏముందో చూసి, ఏమీ అర్థం కాక మూశాను. నేను ముట్టుకోని చోటు ఒక్కటే, ఆ బోల్టు. గంధం మీద గంధం పడి అది చిన్న లడ్డంత అయింది. దగ్గరికి పోతే అత్త, "నిన్న కోడి తినింటివి గదా, తల స్నానం చెయ్యకుండా దాన్ని తాకద్దు" అంది. తప్పు గర్భగుడిలో ఉంటే నేను ఆవరణంతా ఊడ్చినట్టయింది.

చివరికి తల స్నానం చేసి, తడి జుట్టుతో బండి కింద దూరి, లడ్డు పగలగొట్టాను. లోపల బోల్టు వదులుగా ఆడుతోంది. దాని చుట్టూ చట్రం పొరలు పొరలుగా లేచి ఉంది. వేలితో తడితే కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయిలాగా పెళుసుగా రాలింది.

"ఏంరా, తుప్పా?" అన్నాడు మామ పైనుంచి.

"పైపైన తుప్పే మామా."

ఇలాంటప్పుడు చేయాల్సింది నాకు తెలియక కాదు. తుప్పంతా గీకి, పుచ్చిన ముక్క కోసేసి, కొత్త యాంగిలు పెట్టి వెల్డింగు చేయాలి. అది వారం పని. నాకున్న ఓపిక ఒక పూట. కంతలకు పుట్టీ కూరాను, దాని మీద ఎర్ర ప్రైమరు, దాని మీద ఆకుపచ్చ పెయింటు, ఆరితే ఇంకోసారి, మనసు ఒప్పుకోక ఇంకోసారి. పెళ్ళికూతురికి కూడా అంత పూత ఉండదు. బోల్టు చోటు మళ్ళీ తుప్పు పట్టకూడదని అక్కడ అన్నిటికంటే మందంగా పూశాను. ఆరిన తర్వాత ఆ పెయింటు మీదే నల్ల వైరును పెట్టి బోల్టు బిగించాను.

వైరింగు తెలిసిన పాఠకులు ఇక్కడ తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ళకు ఒక ముక్క: పెయింటులో కరెంటు పోదు. వాకిలి పూడ్చి గోడ కట్టి, ఆ గోడకు తలుపు బిగించినట్టన్నమాట.

అయినా వేసి చూస్తే అన్నీ వెలిగాయి. దీపాలు నాకు పట్టాభిషేకం చేసినట్టే అనిపించింది. అసలు సంగతేమిటంటే, బండికీ ట్రాక్టరుకూ మధ్య ఇనుప కొక్కెం ఉంటుంది గదా, ఇనుమూ ఇనుమూ రాసుకుని కరెంటు ఆ దొడ్డిదారిన పోతోంది. అది నాకు తెలియదు. మామ గది తాళం నడుముకు దోపుకున్నాడు, నా కంటికి కనబడేట్టుగా.

మధ్యాహ్నం భోంచేసి బయల్దేరాం. పోయే ముందు పేచ్చిముత్తు తన ధర్మంగా ఆ కొక్కేనికి గ్రీసు దట్టంగా పూశాడు. నేను రాజమార్గం మూశాను, అతను దొడ్డిదారి మూశాడు. లోపల సారె పళ్ళేలు, పూలు, పండ్లు, పులిహోర, మా మాటలో పులిసోరు, ఒక గుండిగ, నిమ్మసోరు ఇంకో గుండిగ, వాటికి కాపలా అత్త. పగటిపూట లైట్లతో పని లేదు గనక సాత్తూరు దాకా నేను గొప్ప మెకానిక్కునే.

సాత్తూరు దాటాక మసక పడింది. పేచ్చిముత్తు లైట్లు వేశాడు. వెలగలేదు. గుంతలో పడితే వెలిగాయి, గుంత దాటితే ఆరిపోయాయి. టీకొట్టు దగ్గర ఆపాం. మామ దిగలేదు, లోపలినుంచే మొదలుపెట్టాడు.

"ఏరా, గుంత ఉంటే ఎలగతాదా? విరుదునగర్ దాకా గుంతలు తవ్వుకుంటా పోదామా?"

"అంత శ్రమ ఎందుకు మొదలాళీ," అన్నాడు పేచ్చిముత్తు తన యజమానితో, "హైవేవాళ్ళు తవ్వే ఉండారు."

"ఒక్క నిమిషం మామా" అంటూ నేను కిందా మీదా పడుతున్నాను. మామ తాళం చెవి తీసి నాకు చూపించి, "ఇది నా నడుములోనే ఉంటాది, నా నడుములోనే పోతాది" అంటూ తిట్టడానికి వీలుగా బండి ముందు మూలకు వచ్చి నిలబడ్డాడు. బండి మొత్తం భగ్గున వెలిగింది.

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు. చీకటి. ముందుకు వచ్చాడు. వెలుగు.

"కదలద్దు మామా" అన్నాను.

మామ మంచి భోజనప్రియుడు. నిలబడ్డ చోటుకు సరిగ్గా కింద ఉంది నా బోల్టు. ఆయన బరువుకు చట్రం వంగి, ఎక్కడో పెయింటు చిట్లి, వైరు ఇనుముకు తగులుతోంది. నాకు అప్పుడు అంత అర్థం కాలేదు. అర్థమైనదల్లా ఒకటే, మామ ఉంటే లైటు ఉంది. మడత కుర్చీ తెచ్చి ఆ మూలనే వేశాను.

"కూర్చో మామా. నువ్వు కూర్చుంటేనే వెలుగుతుంది."

మామ ముఖం మారిపోయింది. కోపం పోయి, మీసం మీదికి చెయ్యి పోయింది. "చూసినావా కొండమ్మా," అన్నాడు, "మన బండికి కూడా మనిసి ఎవరో తెలుస్తాది."

"తెలిసింది గదా, కదలకుండా కూర్చో" అంది అత్త.

నాలోని ఆనాటి మెకానిక్కు అప్పుడు ఏమనుకున్నాడో తెలుసా? ఆరిపోయిన బండిని మనిషితో వెలిగించాను, కోవిల్‌పట్టిలో ఎవడికైనా తట్టిందా ఈ ఆలోచన అనుకున్నాడు. ఎవడికీ తట్టలేదు. ఎందుకంటే వాళ్ళకు బుద్ధుంది.

విరుదునగర్‌లో సమ్మంది వీధి మొదట్లో మేళం కాచుకుని ఉంది. నాదస్వరం, డోలు ముందు నడిచాయి, వెనక నడక వేగంతో మా ఇంటిబండి. నేను పక్కన నడుస్తున్నాను, ఎవరైనా వైరింగు ఎవరిదని అడిగితే వెంటనే దొరకడానికి. కిటికీలో మామ కొలువుదీరి ఉన్నాడు. అరుగుల మీద ఆడవాళ్ళు చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. మామ కోరిక సగం తీరినట్టే.

వీధి నడుమ ఒక కాలువ, దాని మీద ఎత్తుగా రాతిపలక. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. అప్పడం విరిచిన చప్పుడు ఒకటి వినబడింది. కిటికీలో మామ కనబడలేదు.

కింద చూశాను. బండి కిందినుంచి రెండు కాళ్ళు, తెల్ల పంచె, కొత్త చెప్పులు. నడుస్తున్నాయి.

ముందు మూల చట్రం ముక్కలై, నేల రేకు నోరు తెరిచి, కుర్చీ ఎటో పోయి, మామ తొడల దాకా దిగబడ్డాడు. రెండు చేతులా పడక బల్లను కావలించుకున్నాడు. పై సగం బండిలో ప్రయాణం చేస్తోంది, కింది సగం కాలినడకన వస్తోంది. "నిలుపురా" అని ఆయన అరుపు డోలులో కలిసిపోయింది. పేచ్చిముత్తు ముందు మేళం చూస్తూ తల ఊపుతున్నాడు. దీపాలు ఆరిపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ చట్రం విరిగినచోట పెయింటు లేని నిఖార్సైన ఇనుము మొదటిసారి వైరుకు తగిలింది. లైట్లన్నీ అంతవరకు వెలిగినదానికి రెండింతలు వెలిగి పట్టపగలు చేశాయి. వీధంతా లేచి నిలబడింది.

"వేగంగా నడు," అంటోంది అత్త లోపల, "నువ్వు ఊగితే పులిసోరు గుండిగ ఊగతా ఉండాది."

"కొండమ్మా, నా కాళ్ళు."

"అవే నడిపించు."

బండి సమ్మంది వాకిట్లో ఆగింది. పప్పుల వ్యాపారి అరుగు దిగి వచ్చి, వంగి కిందికి చూశాడు, లేచి కిటికీలోకి చూశాడు.

"ఏంది సమ్మందీ. బండిలో వచ్చినారా, నడిచి వచ్చినారా?"

నాకు గది, బోర్డు, దాని మీది నా పేరు మూడూ కాలువలో కొట్టుకుపోతున్నట్టు కనబడింది. అప్పుడు అత్త కిటికీలోకి వచ్చింది.

"మొక్కు అన్నా. మా జోతి సుకంగా కనాలని, సారె నడిచి తెస్తామని ఈయన అమ్మోరికి మొక్కుకొనిండాడు."

"అయితే బండి ఏమిటికి?"

"సారె మోసేదానికి."

"నడిచే మనిసి బండి లోపల ఏమిటికి?"

"ఎండ గదా."

"ఎండ యాడ ఉండాది? పొద్దు గూకింది."

"మొక్కుకొనినప్పుడు ఎండే."

ఆయన ఇంకా ఏదో అడగబోయాడు. కానీ ఆయన భార్య అప్పటికే కళ్ళు ఒత్తుకుంటోంది. "ఏమి మనిసి. కోవిల్‌పట్టి అవతలి నుంచి నడిచి వచ్చిండాడు కూతురి కోసం" అంటూ చెంబుతో నీళ్ళు తెచ్చి, బండి కింద కూర్చుని, ఆ కాళ్ళకు పోసింది. ఇంకొకామె హారతి పళ్ళెం తెచ్చింది. కాళ్ళకు కింద హారతి, మనిషికి పైన చెమట. నేనూ పేచ్చిముత్తూ కలిసి మామను పైకి లాగేటప్పటికి వీధి వీధంతా ఆయనకు చేతులెత్తి దణ్ణం పెడుతోంది, వెనక వరుస మాత్రం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. మామకు పంచె చిరిగింది తప్ప చర్మం గీసుకోలేదు.

మరునాడు గాజులు తొడిగారు, జోతి నవ్వింది, సోరు అందరూ తిన్నారు. సందు చూసుకుని మామ నన్ను బండి దగ్గరికి లాక్కుపోయాడు. మిగిలిన చట్రంలోకి వేలు పొడిచాడు. వేలు అవతలికి వచ్చింది.

"ఇనుము యాడరా?"

"ఇనుము అయిపోయింది మామా."

"మరి ఇన్నినాళ్ళు నన్ను మోసింది ఏంది?"

"పెయింటు."

మామ ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. "గది మాట ఇంక ఎత్తితే," అన్నాడు, "నిన్నూ ఈ కంతలో దింపి కోవిల్‌పట్టి దాకా నడిపిస్తాను." కూతురిని పురుటికని సమ్మంది కారులో పుట్టింటికి పంపి, తాను అత్తతో బస్సులో వచ్చాడు. నేను ఇంటిబండితో వచ్చాను. దారంతా పేచ్చిముత్తు గుంత వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగి లైట్ల వంక చూశాడు. అంతకంటే పెద్ద తిట్టు లేదు.

కథ ఇక్కడే ముగిస్తే నేను గది లేనివాణ్ణిగానే మిగిలేవాణ్ణి. కానీ మొక్కుకు రెండో వైపు కూడా ఉంటుంది. వానాకాలంలో జోతికి కొడుకు పుట్టాడు. చూడటానికి విరుదునగర్ వాళ్ళు బయల్దేరారు. కారు మామ ఊరి మలుపు దాకా వచ్చింది. అక్కడ సమ్మంది భార్య, "సమ్మంది కోవిల్‌పట్టి అవతలి నుంచి నడిచి వచ్చినారు, నువ్వు మనవణ్ణి చూసేదానికి వాకిలి దాకా కారులో పోతావా? నా మానమర్యాద పోతాది" అని కారు ఆపించి ఆయన్ను దింపేసింది. ముందురాత్రి కురిసిన వానకు నల్లరేగడి ఉడికించిన హల్వాలా ఉంది. తెలిసినవాళ్ళు అలాంటి రోజున గడప దాటరు. ఆయన చెప్పుల్లో ఒకటి మలుపులోనే ఉండిపోయింది, రెండోది కాస్త ముందుకు వచ్చి ఉండిపోయింది. వాకిట్లోకి వచ్చేసరికి ఒక్కో కాలికి ఒక్కో గంప మన్ను. ఏనుగు ఒకటి పట్టు చొక్కా వేసుకుని వచ్చినట్టుంది.

మామ అరుగు మీద కూర్చుని ఆ రాకను మొదటినుంచి చివరిదాకా చూశాడు. వడ్డించిన విస్తరిని చూసినట్టు చూశాడు. "దా సమ్మందీ," అన్నాడు ఎంతో నెమ్మదిగా, "కరెంటు స్తంబం పట్టుకోని కాళ్ళు కడుక్కో. మా ఊళ్ళో ఉండాది."

ఆ సాయంత్రమే నాకు కబురొచ్చింది. పోయేసరికి మామ ఇంకా నవ్వుతున్నాడు, మధ్యమధ్య తొడ చరుచుకుంటూ. నడుములోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

"మామా, షెడ్డుకేనా?"

"షెడ్డు పెడితే కాళ్ళు విరగ్గొడతాను. లైటు, వైరు, బోల్టు తాకద్దు. నా బరువును రోడ్డు మీద అంత దూరం ఒట్టి పెయింటుతో మోయించినావు గదా. నీకు తెలిసింది అదొక్కటే. పెయింటు అంగడి పెట్టుకో."

అలా నేను పెయింట్ల వ్యాపారినయ్యాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ బస్టాండు రోడ్డులోనే ఉన్నాను, సుఖంగా ఉన్నాను. మా అత్త మంగళ, శుక్రవారాల్లో ఏ ఇనుము జోలికీ పోకుండా నేనే నిమ్మకాయలు కొని దాచేస్తుంటాను.

ఇక మీ అందరి ఎదుట, దొరికిన దేవుళ్ళందరి సాక్షిగా నా ప్రమాణం. తుప్పు గీకకుండా పెయింటు పూయను. బోల్టు కింద రంగు పెట్టను. మామ వరస అయినవాళ్ళెవరి బరువునూ కరెంటు పనికి వాడను. అంగడికి వచ్చిన ప్రతివాడికీ, "అయ్యా, ముందు తుప్పు బాగా గీకండి, తర్వాతే పూయండి" అని చేతులు జోడించి చెబుతాను. ఒక్కడూ వినడు, తుప్పు మీదే పూసేసి మరుసటి ఏడాది మళ్ళీ డబ్బా కోసం వస్తాడు. దాని మీదే నా పిల్లలు చదువుకున్నారు.